లినక్స్ కెర్నల్ బ్లాక్ లేయర్‌లో వాడకంలో లేని కోడ్‌ను తొలగించడం: మొదటి గ్రెప్ నుంచి ప్యాచ్ పంపేదాకా

విజయనగరంలో మా మేడగదికి ఆదివారాలు కెర్నల్ కోడ్ చదవడానికి వచ్చే విద్యార్థుల్లో ఎవరో ఒకరు "మాస్టారూ, ఈ ఫంక్షన్‌ను ఎవరూ పిలవడం లేదండి, తీసేయొచ్చా?" అని అడగని వారం లేదు. రాజాం, బొబ్బిలి, టెక్కలి నుంచి రాసి అడిగేవారి ప్రశ్న కూడా అదే. ప్రతిసారీ సగం సగం జవాబు చెప్పడం కంటే, పని మొత్తాన్ని వరుసలో ఒకచోట పెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను. బ్లాక్ లేయర్ అంటే డిస్కుల వంటి నిల్వ పరికరాలపై చదవడం, రాయడం చూసుకునే కెర్నల్ భాగం. గ్రెప్ అంటే ఫైళ్లలో ఒక పేరును వెతికే ఆదేశం, ప్యాచ్ అంటే కోడ్‌లో చేసిన మార్పును ఉత్తరంగా పంపే రూపం.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ ఫంక్షన్‌ను చెరిపేయడానికి అయిదు నిమిషాలు చాలు. దాన్ని ఎవరూ వాడడం లేదని నిరూపించడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. మీ ప్యాచ్‌ను చదివేవారు చూసేది ఆ రుజువునే కాబట్టి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో, చిన్న అక్షరాలా పెద్ద అక్షరాలా అన్నది చూసుకుని కొట్టాలి.

## 1. ఏది తీయాలో ముందు తేల్చుకోండి

"వాడకంలో లేని కోడ్" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది, నిర్వచనం ఎప్పుడో పోయినా హెడర్ ఫైలులో మిగిలిపోయిన డిక్లరేషన్. తీయడం సులువు, ప్రమాదం దాదాపు లేదు. మొదటి ప్యాచ్‌కు ఇంతకంటే మంచిది దొరకదు.

రెండోది, మాడ్యూళ్లు (కెర్నల్‌లోకి విడిగా ఎక్కించే ముక్కలు) వాడుకునేలా ఎక్స్‌పోర్ట్ అయి ఉన్నా ఏ మాడ్యూలూ వాడని ఫంక్షన్. ఇక్కడ ఫంక్షన్‌నే తీసేయాలా, ఎక్స్‌పోర్ట్ సింబల్ వరుసను మాత్రమే తీయాలా అన్నది విడిగా చూడాలి.

మూడోది, ఎవరూ చదవని స్ట్రక్చర్ ఫీల్డ్, ఎవరూ పరీక్షించని క్యూ ఫ్లాగ్, ఎవరూ ఎన్నుకోలేని కాన్ఫిగ్ ఆప్షన్.

నాలుగోది, ఒక డ్రైవర్ మొత్తం. దీని జోలికి మొదట్లో పోవద్దని నా సలహా. సీడీ, డీవీడీలపై ప్యాకెట్ పద్ధతిలో రాసే పీకేటీసీడీవీడీ డ్రైవర్‌ను 6.2 అభివృద్ధి చక్రంలో తీసేశారు. వాడేవారు ఇంకా ఉన్నారని తేలడంతో 2023 జనవరిలో, ఆ వెర్షన్ విడుదల కాకముందే, తిరిగి పెట్టవలసి వచ్చింది. డిస్కులను వరుసగా కలిపి ఒకటిగా చూపే ఎండీ లీనియర్ కూడా అంతే: 2024లో 6.8 వెర్షన్‌తో పోయి, 2025లో వెనక్కి వచ్చింది. ఆ రెంటినీ తీసినవారు కెర్నల్‌ను ఏళ్ల తరబడి చూస్తున్నవారే. డ్రైవర్‌ను వాడేవారు సోర్స్‌లో కనిపించరు, ఎక్కడో ఒక పాత యంత్రం ముందు కూర్చుని ఉంటారు. గ్రెప్ అక్కడిదాకా చేరదు.

## 2. కావలసిన సరంజామా

* పూర్తి చరిత్రతో కూడిన కెర్నల్ గిట్ నకలు. డేటా మిగులుతుందని డెప్త్ 1తో క్లోన్ చేయకండి. అయిదో దశలో ఆ చరిత్రే మీకు సాక్ష్యం.
* బ్లాక్ లేయర్ నిర్వాహకుడు యెన్స్ ఆక్స్‌బో నడిపే లినక్స్-బ్లాక్ ట్రీలోని ఫర్-నెక్స్ట్ బ్రాంచి (తరువాతి వెర్షన్ కోసం తీసుకున్న మార్పులు), దానితోపాటు అన్ని ట్రీల కొత్త మార్పులనూ కలిపి చూసే లినక్స్-నెక్స్ట్. రెంటినీ అదే నకలులో రిమోట్లుగా చేర్చుకోవచ్చు.
* జీసీసీతోపాటు క్లాంగ్. ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేములు), ఎం68కే (పాత మోటరోలా ప్రాసెసర్లు) లాంటి ఒకటి రెండు ఇతర ఆర్కిటెక్చర్ల క్రాస్ కంపైలర్లు. డెబియన్, ఉబుంటులలో ఇవి ప్యాకేజీలుగా దొరుకుతాయి.
* స్పార్స్, కాక్సినెల్ (కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికేవి), పాహోల్ (స్ట్రక్చర్ల అమరికను, ఖాళీలను చూపేది), సీక్యాష్ (మళ్లీ చేసే బిల్డ్‌ను వేగవంతం చేసేది).
* క్యూఈఎంయూ (యంత్రం లోపల ఇంకో యంత్రాన్ని నడిపేది), బ్లాక్‌టెస్ట్స్ (బ్లాక్ లేయర్ పరీక్షలు), ఎఫ్‌ఐఓ (డిస్కుపై పని పెట్టి చూసేది).
* సాదా టెక్స్ట్‌లో ఉత్తరం పంపేలా అమర్చుకున్న గిట్ సెండ్-ఈమెయిల్ లేదా బీ4.

సామాన్యమైన ల్యాప్‌టాప్‌పై ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ (వీలైనవన్నీ మాడ్యూళ్లుగా చేసే అమరిక) బిల్డ్ ఒక రాత్రి తినేస్తుంది. మా వైపు ఈదురుగాలి రేగితే ముందు పోయేది కరెంటే కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. బిల్డ్ మధ్యలో యంత్రం ఆరిపోతే కొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలిపోవచ్చు. వాటి సమయం కొత్తదే కాబట్టి మేక్ వాటిని పూర్తయినవిగా లెక్కేసుకుంటుంది. చివరికి లింకర్ "ఫైలు రూపం తెలియడం లేదు" అని మీ ప్యాచ్‌తో ఏ సంబంధమూ లేని తప్పు చూపిస్తుంది. అప్పుడు ఫైండ్ ఆదేశంతో ఖాళీగా ఉన్న డాట్-ఓ ఫైళ్లను వెతికి చెరిపి, బిల్డ్ మళ్లీ మొదలుపెట్టండి. గిట్ నకలు మీద కూడా ఒకసారి గిట్ ఎఫ్‌ఎస్‌సీకే నడపండి.

## 3. అనుమానితుల జాబితా తయారు చేయడం

స్టాటిక్ ఫంక్షన్‌ను ఎవరూ పిలవకపోతే కంపైలరే హెచ్చరిస్తుంది కాబట్టి అలాంటివి చెట్టులో, అంటే కెర్నల్ సోర్స్‌లో, మిగలవు. స్టాటిక్ కానివాటి గురించి, హెడర్లలోని స్టాటిక్ ఇన్‌లైన్ల గురించి అది నోరెత్తదు. మనం వెతకవలసింది అక్కడ.

ఎక్స్‌పోర్ట్ అయినవాటికి నేను వాడే పద్ధతి ఇది:

1. ఆల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో బిల్డ్ చేయండి.
2. బ్లాక్ డైరెక్టరీలో ఎక్స్‌పోర్ట్ సింబల్, ఎక్స్‌పోర్ట్ సింబల్ జీపీఎల్ అనే వరుసలను గ్రెప్ చేసి, పేర్లను మాత్రం ఒక ఫైలులో అక్షరక్రమంలో పెట్టుకోండి.
3. తయారైన డాట్-కేఓ మాడ్యూళ్లన్నింటి మీద ఎన్‌ఎం ఆదేశాన్ని, నిర్వచనం లేని సింబళ్లను మాత్రమే చూపే ఆప్షన్‌తో నడిపి, ఆ పేర్లను కూడా అక్షరక్రమంలో రెండో ఫైలులో పెట్టండి.
4. కామ్ ఆదేశంతో, మొదటి ఫైలులో ఉండి రెండోదానిలో లేని పేర్లను తీయండి.

ఇలా వచ్చిన జాబితాకు అర్థం ఒక్కటే: ఈ ఆర్కిటెక్చర్‌పై, ఈ కాన్ఫిగ్‌తో, ఆ పేర్లను ఏ మాడ్యూలూ అడగలేదు. కెర్నల్ లోపలే ఆ ఫంక్షన్‌ను ఎవరైనా పిలుస్తూ ఉండవచ్చు. అలాంటప్పుడు పోవలసింది ఎక్స్‌పోర్ట్ వరుస మాత్రమే. పిలిచేవాడు అదే ఫైలులో ఉంటే ఫంక్షన్‌ను స్టాటిక్ చేయడం కూడా ఆ ప్యాచ్‌లో భాగమవుతుంది.

కెర్నల్ చెట్టు బయట ఉండే మాడ్యూళ్లు దాన్ని వాడుతున్నాయేమో అని కొందరు వెనకాడతారు. చెట్టులో లేని వాడకాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం కెర్నల్ విధానం. దాన్ని మీరు సమర్థించుకోనక్కరలేదు.

జీకాఫ్‌తో నడిచిన వరుసలను లెక్కబెట్టి, సున్నా వచ్చినవన్నీ వాడకంలో లేనివే అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. మా చెరువుల మదుముల్లో కొన్ని ఏడాదిలో పదకొండు నెలలు పొడిగానే ఉంటాయి. గెడ్డ పొంగిన రోజున గాని వాటి పని తెలియదు. డిస్కు జవాబివ్వకపోతే, కేబుల్ ఊడిపోతే, టైమవుట్ తగిలితే నడిచే కోడ్ అలాంటిది.

## 4. గ్రెప్‌కు దొరకకపోవడం రుజువు కాదు

విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం.

బ్లాక్ డైరెక్టరీలో బీఎల్‌కే-సిస్‌ఎఫ్‌ఎస్ అనే సీ ఫైలు ఉంది. అందులో "క్యూ_రిక్వెస్ట్స్_షో" అనే ఫంక్షన్ ఉంటుంది. ఈ పేరును పూర్తి పదంగా చెట్టంతా గ్రెప్ చేయండి: నిర్వచనం తప్ప ఇంకేమీ రాదు. పిలిచేవాడు లేడు, పాయింటర్‌గా ఇచ్చినవాడూ లేడు. చూసినవారికి తీసేయవచ్చనే అనిపిస్తుంది.

అదే ఫైలులో కొంచెం కిందికి దిగితే "క్యూ_ఆర్‌డబ్ల్యూ_ఎంట్రీ" అనే మాక్రోకు "క్యూ_రిక్వెస్ట్స్" అనే ముక్క, "ఎన్ఆర్_రిక్వెస్ట్స్" అనే పేరు అందిస్తున్న వరుస కనిపిస్తుంది. ఆ మాక్రో తన లోపల రెండు హ్యాష్ గుర్తులతో ఆ ముక్కకు "_షో" అనే తోకను అతికిస్తుంది. మీరు ఏ డిస్కుకైనా సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి విలువలను ఫైళ్లుగా చూపే చోటు) ఎన్ఆర్_రిక్వెస్ట్స్ ఫైలును చదివినప్పుడు నడిచేది "ఎవరూ పిలవని" ఆ ఫంక్షనే. పూర్తి పేరు సోర్స్‌లో రెండోసారి ఎక్కడా రాయలేదు కాబట్టే గ్రెప్‌కు దొరకలేదు.

ఫ్లాగ్‌లదీ ఇదే కథ. బీఎల్‌కే-ఎంక్యూ-డీబగ్‌ఎఫ్‌ఎస్ ఫైలులో "క్యూ_ఫ్లాగ్_నేమ్" అనే మాక్రో ప్రతి ఫ్లాగ్ పేరులోని చివరి ముక్కను మాత్రమే తీసుకుని మిగతా పేరును తానే అతికించుకుంటుంది. ఫ్లాగ్‌ను హెడర్ నుంచి తీసేసి ఈ వరుసను వదిలేస్తే, డీబగ్‌ఎఫ్‌ఎస్ ఆన్‌లో ఉన్న బిల్డ్ మాత్రమే విరుగుతుంది. మీ యంత్రంలో అది ఆఫ్‌లో ఉంటే మీకు తెలియనే తెలియదు.

కాబట్టి ప్రతి పేరునూ మూడు రకాలుగా వెతకండి: పూర్తి పేరు, ముందు ముక్క, చివరి ముక్క. ముక్కలతో వెతికితే చెత్త కూడా బాగా వస్తుంది. దాన్ని ఓపికగా చదవడమే పని.

తరువాత, ఎక్కడ వెతుకుతున్నారో చూసుకోండి. బ్లాక్ డ్రైవర్లన్నీ డ్రైవర్స్-బ్లాక్ డైరెక్టరీలోనే ఉంటాయనుకోవడం సహజమే కాని నిజం కాదు. యూజర్ మోడ్ లినక్స్ వారి యూబీడీ డ్రైవర్ ఆర్చ్-యూఎం కింద, ఎం68కే ఎమ్యులేటర్ వాడే ఎన్ఎఫ్‌బ్లాక్ ఆర్చ్-ఎం68కే కింద, ఎక్స్‌టెన్సా వారి సిమ్‌డిస్క్ ఆర్చ్-ఎక్స్‌టెన్సా కింద ఉన్నాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల డీఏఎస్‌డీ డిస్కు డ్రైవర్ డ్రైవర్స్-ఎస్390 కింద ఉంది. ఇవి కాక ఎండీ, ఎంటీడీ, ఎంఎంసీ, ఎన్‌వీడిమ్, స్కాజీ టార్గెట్, బీఎల్‌కే-ట్రేస్, స్వాప్, ఫైల్ సిస్టమ్‌లు. నా తొలి ప్యాచ్‌లలో ఒకదాన్ని నేను బ్లాక్, డ్రైవర్స్ డైరెక్టరీలు రెండే వెతికి పంపాను. రెండు రోజులకు బిల్డ్ రోబో (పంపిన ప్యాచ్‌లను తనంతట తానే బిల్డ్ చేసి చూసే యంత్రం) ఎం68కే తప్పును ఉత్తరంలో అంటించి పంపింది. ఆ ఉత్తరం పది మందికి వెళ్తుంది, అదొక్కటే బాధ.

డాట్-సీ, డాట్-హెచ్ ఫైళ్లకే వెతుకులాటను పరిమితం చేసే అలవాటు కూడా మానుకోవాలి. 6.11 నుంచి బ్లాక్ ఎంక్యూకు రస్ట్ భాషలో పై తొడుగు ఉంది. రస్ట్ డైరెక్టరీలోని బైండింగ్స్, హెల్పర్స్ మన సీ ఫంక్షన్లను పేరుతోనే పిలుస్తాయి. గిట్ గ్రెప్‌కు ఏ ఫైలు రకమూ చెప్పకుండా వదిలేస్తే అవన్నీ వచ్చేస్తాయి.

చివరిగా, మెయిన్‌లైన్ (ప్రధాన) చెట్టులో లేని వాడకందారు లినక్స్-నెక్స్ట్‌లో పుట్టి ఉండవచ్చు. అక్కడ కూడా అదే గ్రెప్ నడపండి. ఇంకా ఎక్కడా చేరని ప్యాచ్‌ల కోసం, కెర్నల్ మెయిలింగ్ జాబితాల ఉత్తరాలన్నీ దాచే లోర్ ఆర్కైవ్‌లో ఆ పేరుతో వెతకండి. ఎవరో పంపిన పదిహేను ప్యాచ్‌ల వరుసలో మొదటిది మీరు తీయబోయే ఫంక్షన్‌ను వాడుతూ కనిపిస్తే, మీ పని అక్కడికి ఆపేయవచ్చు.

## 5. చివరి వాడకందారు ఎప్పుడు వెళ్లాడో కనుక్కోండి

ఈ దశను చాలామంది దాటేస్తారు. నా దృష్టిలో రుజువంతా ఇదే.

గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఫంక్షన్ పేరు ఇస్తే, ఏదైనా ఫైలులో ఆ పేరు ఎన్నిసార్లు వస్తుందో ఆ లెక్కను మార్చిన కమిట్లన్నీ వరుసగా వస్తాయి. పేరు పక్కన తెరిచిన బ్రాకెట్‌ను కూడా కలిపి ఇస్తే వ్యాఖ్యల్లోని ప్రస్తావనలు కొంత తగ్గుతాయి. జాబితాలో అడుగున ఉండేది ఫంక్షన్ పుట్టిన కమిట్. పైన ఉండేవాటిలో ఒకటి చివరి వాడకాన్ని తీసేసిన కమిట్. ఒక్కొక్కదాన్నీ గిట్ షోతో తెరిచి చూడండి.

చూసినప్పుడు మూడింటిలో ఒకటి తేలుతుంది.

వాడకందారు పోయాడు, ఫంక్షన్ మిగిలింది. ఇదే మనకు కావలసింది. పాత డ్రైవర్ పోయినప్పుడో, ఒక వ్యవస్థ స్థానంలో ఇంకొకటి వచ్చినప్పుడో ఇలా మిగులుతాయి. పాత సింగిల్ క్యూ మార్గం 5.0లో పోయినప్పుడు, పాత ఐడీఈ డ్రైవర్లు 5.14లో పోయినప్పుడు ఇటువంటి తుడుపు పనులు వాటి వెంటే వచ్చాయి.

వాడకందారు ఎన్నడూ రాలేదు. ఫంక్షన్‌ను చేర్చినవారు తరువాతి ప్యాచ్‌లో వాడదామనుకున్నారు, ఆ ప్యాచ్ చేరలేదు. చేర్చి నెలలే అయితే ముందు వారిని అడగండి. ఏళ్లు గడిస్తే తీసేయమని ధైర్యంగా రాయవచ్చు.

వాడకందారు పొరపాటున పోయాడు. కోడ్‌ను పునర్వ్యవస్థీకరించేటప్పుడు ఎవరో ఒక పిలుపును జారవిడిచారు. అప్పుడు మీకు దొరికింది బగ్. సరిచేయవలసింది ఆ పిలుపును తిరిగి పెట్టి. ఫంక్షన్‌ను తీసేస్తే బగ్‌ను పాతిపెట్టినట్టు అవుతుంది. డిస్కు క్యాష్‌ను ఫ్లష్ చేయడం, రిఫరెన్స్ లెక్కను తగ్గించడం, క్యూను స్తంభింపజేసి మళ్లీ విడవడం వంటి పనులు చేసే ఫంక్షన్ అనాథగా కనిపిస్తే ముందు ఈ మూడో కోణంలోనే అనుమానించండి.

వెతుకులాట 2005 ఏప్రిల్‌లోని 2.6.12-ఆర్‌సీ2 కమిట్ దగ్గర ఆగిపోతే, గిట్ చరిత్ర అక్కడే మొదలవుతుందని గుర్తుంచుకోండి. ఆ కమిట్‌ను "పుట్టిన చోటు"గా సందేశంలో రాయకండి.

## 6. యూజర్‌స్పేస్ గడప దాటవద్దు

యూజర్‌స్పేస్ అంటే కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములు. వాటి కోసం ఉంచిన ఇంక్లూడ్-యూఏపీఐ కింద ఉన్న ఏ నిర్వచనాన్నీ కెర్నల్ లోపల ఎవరూ వాడడం లేదన్న కారణంతో తీయకూడదు. ఐఓసీటీఎల్ సంఖ్యలు, ఫ్లాగ్ విలువలు, స్ట్రక్చర్లు బయటి ప్రోగ్రాములతో చేసుకున్న ఒప్పందం. మధ్యలో ఒక ఎన్యూమ్ విలువను తీస్తే దాని తరువాతి సంఖ్యలన్నీ ఒకటి చొప్పున జరిగి, పాత బైనరీలు ఒకటి అడిగితే ఇంకొకటి జరుగుతుంది.

సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లకూ ఇదే నియమం. డాక్యుమెంటేషన్ డైరెక్టరీలో ఏబీఐ కింద స్టేబుల్, టెస్టింగ్, అబ్సొలీట్, రిమూవ్డ్ అని నాలుగు గదులున్నాయి. మీరు తీయదలచిన ఫైలు ఏ గదిలో ఉందో చూడండి. స్టేబుల్‌లో ఉంటే అక్కడితో వదిలేయండి. విలువకు అర్థం పోయినా, ఫైలు మాత్రం చదవగలిగేలా ఉంచి ఒక స్థిరమైన సంఖ్యను ఇవ్వడం బ్లాక్ లేయర్‌లో ఉన్న పద్ధతే.

## 7. కోత వరుస

ఏ ప్యాచ్ దగ్గర ఆగినా కెర్నల్ బిల్డ్ కావాలి, బూట్ కావాలి. లేకపోతే రేపు గిట్ బైసెక్ట్ చేసేవారు (బగ్ తెచ్చిన కమిట్‌ను చరిత్రను సగం సగం చేస్తూ వెతికేవారు) మీ ప్యాచ్‌ల మధ్య చిక్కుకుంటారు. అందుకని పైనుంచి కిందికి, అంటే పిలిచేవారి నుంచి పిలవబడేదాని వైపు కోసుకు రండి.

1. ఎప్పటికీ నడవని పిలుపులు ఏవైనా ఉంటే ముందు అవి.
2. ఫంక్షన్ నిర్వచనం, దానిమీది కెర్నల్-డాక్ వ్యాఖ్య, దాని కిందనున్న ఎక్స్‌పోర్ట్ వరుస. మూడూ కలిసే పోవాలి.
3. హెడర్‌లోని డిక్లరేషన్. కాన్ఫిగ్ ఆఫ్‌లో ఉన్నప్పటి కోసం ఎల్స్ భాగంలో ఒక ఖాళీ స్టాటిక్ ఇన్‌లైన్ ఉంటుంది, దాన్ని మరవకండి. అత్యధికంగా మిగిలిపోయేది అదే.
4. ఆ ఫంక్షన్ మాత్రమే వాడిన ఫీల్డ్, ఫ్లాగ్, సహాయక ఫంక్షన్. ఒకటి పోగానే దాని కింద ఇంకొకటి అనాథ అవుతుంది కాబట్టి ప్రతి కోత తరువాత మూడో దశ వెతుకులాటను మళ్లీ నడపండి.
5. కేకాన్ఫిగ్ చిహ్నం, మేక్‌ఫైల్ వరుస, ఆర్చ్ కింది డెఫ్‌కాన్ఫిగ్‌లలో దాని ప్రస్తావన. స్క్రిప్ట్స్ డైరెక్టరీలో కేకాన్ఫిగ్ చిహ్నాలను సరిచూసే పైథాన్ స్క్రిప్టు ఒకటి ఉంది, అది ఇక్కడ పనికొస్తుంది.
6. డాక్యుమెంటేషన్, మెయింటైనర్స్ ఫైలు.

రెండు, మూడు అంశాలు ఒకే ప్యాచ్‌లో ఉండాలి. నాలుగోది చిన్నదైతే అందులోనే కలపవచ్చు, పెద్దదైతే వేరు చేయండి. హెడర్ నుంచి ఇంక్లూడ్ వరుసలను తగ్గించే పని మాత్రం వీటితో ఎన్నడూ కలపకండి. బీఎల్‌కేడెవ్ హెడర్ ద్వారా పరోక్షంగా నిర్వచనాలు అందుకుంటున్న ఫైళ్లు ఎన్నో ఉన్నాయి, అవి ఏ కాన్ఫిగ్‌లో విరుగుతాయో ఊహించలేరు.

స్ట్రక్చర్ నుంచి ఫీల్డ్ తీస్తుంటే ముందు, తరువాత పాహోల్ నడిపి రెండు చిత్రాలనూ పోల్చండి. రిక్వెస్ట్, బయో, రిక్వెస్ట్ క్యూ స్ట్రక్చర్లలో తరచుగా తాకే ఫీల్డులను ఒకే క్యాష్ లైనులో పడేలా అమర్చారు. నాలుగు బైట్లు తీసినందువల్ల ఒక్కోసారి పరిమాణం తగ్గకుండా కొత్త ఖాళీ మాత్రమే ఏర్పడుతుంది, ఒక్కోసారి తరువాతి ఫీల్డు జరిగి ముందరి లైనులోకి పోతుంది. అలా జరిగితే ఆ మాటను కమిట్ సందేశంలో రాయండి, దాచకండి.

## 8. బిల్డ్ పరీక్షలు

ప్రతి ప్యాచ్ తరువాత, అన్నీ అయ్యాక కాదు:

* ఆల్‌మాడ్‌కాన్ఫిగ్, ఆల్‌నోకాన్ఫిగ్, డెఫ్‌కాన్ఫిగ్.
* బ్లాక్ లేయర్‌లో ఆన్-ఆఫ్ చేయదగిన వాటిని తిరగేసి ఒక్కోసారి: ఇంటెగ్రిటీ, జోన్డ్, ఇన్‌లైన్ ఎన్‌క్రిప్షన్, సీగ్రూప్, డీబగ్‌ఎఫ్‌ఎస్.
* డబ్ల్యూ=1తో జీసీసీ, క్లాంగ్ రెండూ; సీ=1తో స్పార్స్.
* ఆర్చ్=యూఎంతో ఒకటి. దీనికి క్రాస్ కంపైలర్ అక్కరలేదు, త్వరగా అవుతుంది, యూబీడీ డ్రైవర్ పరీక్ష అయిపోతుంది.
* ఎస్390, ఎం68కేలలో కనీసం ఒకటి.

తరువాత పాత, కొత్త వీఎంలినక్స్‌లపై (బిల్డ్ అయిన కెర్నల్ ఫైళ్లు) ఫంక్షన్ల పరిమాణాలను పోల్చే బ్లోట్-ఓ-మీటర్ స్క్రిప్టు నడపండి. మీరు తీసిన పేర్లు మాత్రమే తగ్గిన జాబితాలో ఉండాలి. తేడా సున్నా వస్తే కంపైలర్ ఆ కోడ్‌ను ఎప్పుడో పారేస్తోందన్నమాట. అందులో తప్పేమీ లేదు. మీరు ముట్టని ఫంక్షన్ పేరు ఆ జాబితాలోకి వస్తే, ఇన్‌లైన్ చేయడంలో మార్పు వచ్చిందో, మీరు ఎక్కువ కోశారో తేల్చుకునేదాకా ముందుకు పోకండి.

## 9. నడిపి చూడడం

కొత్త కెర్నల్‌ను మీ సొంత యంత్రంపై కాకుండా క్యూఈఎంయూలో బూట్ చేయండి. వర్ట్‌మీ-ఎన్‌జీ ఉంటే ఒక్క ఆదేశంతో అయిపోతుంది. లోపల బ్లాక్‌టెస్ట్స్ నుంచి బ్లాక్, లూప్, స్కాజీ, ఎన్‌వీఎంఈ గుంపులను నడపండి. నల్-బ్లాక్, స్కాజీ-డీబగ్ మాడ్యూళ్లు ఉంటే అసలు డిస్కు లేకుండానే చాలా పరీక్షలు నడుస్తాయి.

కాన్ఫిగ్ ఫైలులో టెస్ట్-డెవ్స్ అనే వరుసలో మీరు ఏ డిస్కు పేరు రాస్తే ఆ డిస్కుపైని డేటా చెరిగిపోతుంది. క్యూఈఎంయూకు ఒక ఖాళీ ఇమేజ్ ఫైలును అదనపు డిస్కుగా ఇచ్చి దాని పేరే రాయండి. పరీక్షలను ప్యాచ్ లేని కెర్నల్‌పై కూడా ఒకసారి నడిపి ఫలితాలు దాచుకోండి. ముందునుంచే తప్పుతున్న పరీక్షను మీ ఖాతాలో వేసుకోకుండా ఉండడానికి వేరే దారి లేదు.

## 10. కమిట్ సందేశం, పంపడం

సందేశం ఇంగ్లిషులోనే ఉండాలి, కాని పొడవు అక్కరలేదు. అందులో చెప్పవలసిన మాటలు ఈ మాత్రమే: "ఈ ఫంక్షన్‌ను చివరిగా వాడింది ఫలానా డ్రైవర్. ఫలానా కమిట్ ఆ వాడకాన్ని తీసేసింది. అప్పటినుంచి చెట్టులో వాడకందారులెవరూ లేరు కాబట్టి దీన్ని, దీని ఖాళీ నకలును తొలగిస్తున్నాము." కమిట్‌ను సూచించేటప్పుడు హ్యాష్‌లోని మొదటి 12 అక్షరాలు, బ్రాకెట్లలో దాని శీర్షిక రాయాలి. అయిదో దశ సరిగా చేసినవారికి ఈ సందేశం రెండు నిమిషాల పని.

శీర్షిక "బ్లాక్:" అనే ముందుమాటతో మొదలవ్వాలి. ఫిక్సెస్ ట్యాగ్ పెట్టకండి, స్టేబుల్ కెర్నళ్లకు పంపకండి. ఎవరికీ తగలని కోడ్ ఉండడం బగ్ కాదు. మిమ్మల్ని గుర్తుపట్టే పేరుతో సైన్డ్-ఆఫ్-బై వరుస తప్పనిసరి, అనామకంగా కుదరదు.

పంపే ముందు చూసుకోవలసినవి:

* చెక్‌ప్యాచ్‌ను స్ట్రిక్ట్ ఆప్షన్‌తో నడిపారా?
* గెట్-మెయింటైనర్ చూపిన పేర్లన్నీ ఉత్తరంలో ఉన్నాయా? చివరి వాడకాన్ని తీసిన వ్యక్తిని కూడా చేర్చారా?
* ప్యాచ్ ఫర్-నెక్స్ట్ బ్రాంచిపై తేలికగా కూర్చుంటోందా?
* మెర్జ్ విండో (కొత్త మార్పులను ప్రధాన చెట్టులోకి తీసుకునే గడువు) నడుస్తోందా? ఆ రెండు వారాలూ ఆగితే మంచిది.
* ఉత్తరం సాదా టెక్స్ట్‌లో ఉందా? ముందు మీకు మీరే పంపుకుని, వచ్చినదాన్ని గిట్ ఏఎంతో అతికించి చూశారా?

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

ఒకే ప్యాచ్‌లో ఇరవై ఫంక్షన్లు. ఒక్కదానిపై అభ్యంతరం వస్తే ఇరవయ్యీ ఆగిపోతాయి. ఒక్కో కారణానికి ఒక్కో ప్యాచ్ చేయండి.

తుడుపుతోపాటు సర్దుడు. తీసే ప్యాచ్‌లోనే ఖాళీలు సరిచేయడం, పేర్లు మార్చడం వద్దు. తొలగింపు ప్యాచ్‌లో కూడిక గుర్తుతో మొదలయ్యే వరుసలు ఎన్ని తక్కువగా ఉంటే చదివేవారికి అంత నమ్మకం.

వ్యాఖ్యల్లో మిగిలిన పేరు. ఇంకో ఫైలులోని వ్యాఖ్య "ఫలానా ఫంక్షన్ చూడండి" అంటూనే ఉంటుంది. కోత అయ్యాక పేరుతో చివరి గ్రెప్ నడిపితే ఒక్క వరుస కూడా రాకూడదు. డాక్యుమెంటేషన్‌లోని కెర్నల్-డాక్ సూచనలు విరిగాయేమో హెచ్‌టీఎంఎల్-డాక్స్ బిల్డ్ చెబుతుంది.

"ఎప్పుడైనా పనికొస్తుంది" అన్న జవాబుకు వాదన. నిర్వాహకులో, ఆ కోడ్ రాసినవారో రెండు వారాల్లో వాడకందారు వస్తున్నాడంటే ఒప్పుకుని ప్యాచ్‌ను వెనక్కి తీసుకోండి. వాడకందారు ఎవరో చెప్పకుండా ఉంచమంటే, ఎవరన్నది ఒక్కసారి మర్యాదగా అడగండి, రెండోసారి వద్దు.

## 12. పంపిన తరువాత

బిల్డ్ రోబో నుంచి ఫిర్యాదు వస్తే సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లోనే వస్తుంది. సరిచేసి వీ2 అని పంపండి. ఏమి మార్చారో సందేశం కింద మూడు గీతల తరువాత రాయండి, అప్పుడు అది చరిత్రలోకి పోదు. వారం గడిచినా ఎవరూ పలకకపోతే ఒక్క వాక్యంలో గుర్తు చేయవచ్చు.

ప్యాచ్ చేరాక మీ స్థానిక బ్రాంచిని వెంటనే చెరపకండి. లినక్స్-నెక్స్ట్‌లో అది ఇతర ట్రీలతో కలిసేటప్పుడు, మనకు కనిపించకుండా ఇంకెక్కడో చేరిన కొత్త వాడకందారు బయటపడవచ్చు. అప్పుడు ఎవరో అడిగేదాకా ఆగకుండా, గిట్ రివర్ట్ చేసి, కారణం రాసి, ఆ రివర్ట్ ప్యాచ్‌ను మీరే పంపండి. ఆ వెర్షన్ విడుదలయ్యేదాకా, అంటే మెర్జ్ విండో తెరుచుకున్నప్పటి నుంచి సుమారు తొమ్మిది పది వారాలు, వారానికొకసారి ఆ పేరుతో లినక్స్-నెక్స్ట్‌లో గ్రెప్ చేసి చూస్తూ ఉంటే చాలు.